టీకా – తాత్పర్యము

తెలుగు పాఠం చెప్పేవారికి ‘టీక’ అనగానే పద్యం కింద అచ్చువేసే ప్రతిపదార్థం గుర్తుకు వస్తుంది. పద్యం తరువాత టీక, టీక తరువాత తాత్పర్యం. ఈ క్రమం మన విద్యార్థినీ విద్యార్థులకు చిన్ననాటి నుండి పరిచితమే. పద్యంలోని మాటలను విడదీసి ఒక్కొక్కదానికి అర్థం చెప్పేది టీక. ఆ మాటలన్నీ కలిసి ఏమి చెప్పదలచినవో తేటపరచేది తాత్పర్యం. టీకను కంఠస్థం చేసి, తాత్పర్యం తెలియక పరీక్షలో తడబడే విద్యార్థులను ప్రతి సంవత్సరం చూస్తూనే ఉన్నాము.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది మరొక టీకాను గురించి. పసిబిడ్డ చేతికి, తొడకు వేసే టీకాను గురించి. ఉర్దూలోనూ, తెలుగులోనూ దానికి ఒకటే పేరు. మన ప్రాంతపు తల్లులకు నేడు టీకా అందుబాటులో ఉన్నది. కాని దాని తాత్పర్యం అందరికీ అందడం లేదు. బిడ్డకు టీకా వేయించుటలో తల్లులు వెనుకాడుతున్నారంటే అందుకు వారి అజ్ఞానమో, అశ్రద్ధయో కారణమని చదువుకొన్నవారు తేలికగా తీర్పు చెబుతుంటారు. ఆ తీర్పు సరియైనది కాదని నా స్వానుభవం నాకు నేర్పింది.

గనుల నీడలో తల్లులు

గోదావరికి అనతిదూరాన, మంచిర్యాల పట్టణానికి చేరువలో ఉన్న బొగ్గుగనుల ప్రాంతం శ్రీరాంపూర్. 2016 అక్టోబరులో మంచిర్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడే వరకు ఇది ఆదిలాబాద్ జిల్లాలోనిది. సింగరేణి గనులలో పని కొరకు కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుండి, కొందరు ఉత్తరాది రాష్ట్రాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఇరుగుపొరుగుగా బ్రతుకుతున్నవి. ఒక ఇంట తెలుగు, పక్క ఇంట ఉర్దూ, ఆ పై ఇంట హిందీ. ఇంటి యజమాని మొదటి షిఫ్టుకు వెళ్లితే తెల్లవారకముందే ఇల్లు వదలాలి. రాత్రి షిఫ్టు అయితే పగలంతా నిద్ర. కావున పిల్లల ఆలనపాలన యావత్తు తల్లిదే. టీకా కార్డును బీరువాలో చీరల అడుగున భద్రపరచేది ఆమె. బుధ, శనివారాలు టీకాల రోజులని గుర్తుంచుకొనేది ఆమె. రాత్రి బిడ్డ ఒళ్లు కాలితే మేలుకొని కూర్చునేది ఆమె. తీరా నిర్ణయం మాత్రం ఆమె ఒక్కతెది కాదు. అత్తగారి మాట, భర్త మాట, పొరుగింటి మాట అన్నీ దాటుకొని ఆ నిర్ణయం వెలువడాలి.

మా ఇంటి కథ

మా పెద్దమ్మాయికి ఆరు వారాలు నిండినప్పుడు మొదటి విడత టీకాలకు తీసుకొని వెళ్లాను. ఎక్కడికి అన్నది అనవసరం. ఆనాడు జనం కిక్కిరిసి ఉన్నారు. నోట్లో చుక్కలు వేశారు, సూదులు వేశారు, కార్డు మీద తేదీ రాశారు, “ఇక పోండి” అన్నారు. అంతే. సాయంత్రానికి బిడ్డ ఒళ్లు కాలిపోసాగింది. సూది వేసిన తొడ ఎర్రబడి గట్టిపడింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. “చక్కగ పాలు తాగి పండుకునే బిడ్డను తీసుకపోయి జ్వరం కొనుక్కొచ్చినవు” అన్నారు మా అత్తగారు.

నేను ఎం.ఏ. చదివినదానను, వందలాది విద్యార్థులకు పాఠం చెప్పేదానను. అయినా ఆ రాత్రి నాకు బదులు మాట దొరకలేదు. దొరకకపోవడమే కాదు, ఆమె మాటే నిజమేమోనని లోలోపల అనిపించింది. పదవ వారంలో వేయించవలసిన రెండవ విడతకు వెళ్లలేదు. జలుబు తగ్గనీ అని ఒక వారం, పండుగ కానీ అని ఒక వారం, ఎండలు తగ్గనీ అని మరికొన్ని వారాలు గడిచిపోయినవి. వేయించనని నేను ఎన్నడూ అనలేదు. వాయిదా మాత్రమే వేశాను. టీకా తప్పిపోయే బిడ్డలలో పెక్కుమంది ఇటువంటి వాయిదాల వల్లనే తప్పిపోతారని తరువాత తెలిసింది.

ఒకనాడు ఆ వాడకు వచ్చే ఏ.ఎన్.ఎం. మా ఇంటికి వచ్చింది. కార్డు చూసింది. నన్ను మందలించలేదు. మా అత్తగారి పక్కన కూర్చుని, “మీకెంతమంది పిల్లలమ్మా?” అని అడిగింది.

“నలుగురు. ఐదుగురు ఉండాలె. ఒకడు పోయిండు.”

“ఎట్ల పోయిండమ్మా?”

“ఖస్రా లేచింది. ఒళ్లంత తట్టు. తగ్గిందనుకున్నం. తర్వాత దమ్ము పట్టింది. రెండేండ్ల పిలగాడు.”

అది 1980వ దశకపు తొలినాళ్ల మాట. ఆ ఏ.ఎన్.ఎం. కొంతసేపు మౌనంగా ఉండి, “తట్టు తగ్గినంక ఊపిరితిత్తులకు పట్టి ఉంటదమ్మా. దానికి సూది అప్పట్ల మన దిక్కు ఇంకా రాలేదు. ఇప్పుడున్నది. తొమ్మిది నెలలు నిండినంక మీ మనుమరాలికి వేసేది గదే” అన్నది.

మా అత్తగారు మాట్లాడలేదు. నలభై ఏండ్లుగా తన మనసులో ఉన్న బిడ్డకు, కార్డు మీద నాకు మాత్రమే కనిపించే ఆ గడికి సంబంధం ఉన్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కొడుకు భార్యనై, చదువుకొన్నదాననై ఉండి నేనూ చెప్పలేదు. కొంతసేపటికి, “మరి జ్వరమెందుకొచ్చింది?” అని అడిగారు. “వస్తదమ్మా. ఒకటి రెండు రోజులుంటది, పోతది. ముందుగాల చెప్పకపోవుడు మాదే తప్పు” అన్నది ఆమె. వచ్చే బుధవారం మనుమరాలిని ఎత్తుకొని ముందు నడిచినవారు మా అత్తగారే.

జబ్బులు కనుమరుగైన కాలం

టీకా చరిత్రలో తల్లుల పాత్ర చిన్నది కాదు. మశూచిని, తట్టును వేరువేరు వ్యాధులుగా గుర్తించి వాటిపై గ్రంథం రచించినవాడు పదవ శతాబ్దారంభంలో మరణించిన వైద్యుడు అల్ రాజీ. ఉర్దూవారు చేచక్ అని, ఖస్రా అని పిలిచేవి ఈ రెండే. తరువాత ఎనిమిది వందల ఏండ్లకు మేరీ వార్ట్‌లీ మాంటెగూ అనే ఆంగ్ల వనిత, తుర్కీ సుల్తాను కొలువులో రాయబారిగా ఉన్న భర్త వెంట అక్కడికి వెళ్లింది. మశూచి ఆమె తమ్ముని ప్రాణాన్ని, ఆమె ముఖ సౌందర్యాన్ని హరించింది. ఆ దేశపు వృద్ధ స్త్రీలు మశూచి పొక్కులలోని రసాన్ని ఆరోగ్యవంతులైన పిల్లల చేతికి కొద్దిగా అంటించి, తేలికపాటి జబ్బు రప్పించి, పెద్ద జబ్బు రాకుండా కాపాడుతుండగా ఆమె చూసింది. 1718లో తన కుమారునికి ఇస్తాంబుల్‌లోనూ, 1721లో కుమార్తెకు లండన్‌లోనూ ఆ పద్ధతిని చేయించింది. ఆనాటి వైద్యులు పెక్కుమంది ఎదిరించినా ఆమె వెనుదీయలేదు.

1796 మే 14న ఎడ్వర్డ్ జెన్నర్ అంతకన్నా సురక్షితమైన మార్గాన్ని కనుగొన్నాడు. మనిషి మశూచికి బదులు గోమశూచి రసాన్ని వాడటమే ఆ మార్గం. ఆరేండ్లు నిండిన నెలకే, 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల ఆనా డస్ట్‌హాల్ అనే బాలికకు ఆ టీకా వేశారు. మన దేశంలో మొదటి టీకా అదే. మశూచి వచ్చినప్పుడు మన పల్లెలలో ‘అమ్మవారు పోసింది’ అని వేపమండలు కట్టి, రోగి ఉన్న ఇంటికి పరాయివారిని రానీయకుండా చూసేవారు. రోగిని వేరుగా ఉంచుటలో మేలు లేకపోలేదు గాని జబ్బును నిర్మూలించినది మాత్రం టీకాయే. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమి మీద లేదని ప్రకటించింది.

భారత ప్రభుత్వం 1978లో పిల్లల టీకాల కార్యక్రమాన్ని ప్రారంభించి, 1985లో సార్వత్రిక కార్యక్రమంగా విస్తరించి తట్టు టీకాను అందులో చేర్చింది. 2009లో 741 పోలియో కేసులున్న మన దేశంలో 2011 జనవరి తరువాత ఒక్క సహజ పోలియో కేసు కూడా రాలేదు. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని ధ్రువపత్రం లభించింది. తల్లికీ, నవజాత శిశువుకూ వచ్చే ధనుర్వాతం 2015లో దేశంలో అదుపులోకి వచ్చినట్లు ప్రకటించారు.

విచిత్రమేమనగా, ఈ విజయమే తల్లుల సందేహానికి మూలమైంది. నేటి తల్లి కంఠసర్పితో గొంతు మూసుకుపోయిన బిడ్డను చూడలేదు. ధనుర్వాతంతో విల్లులా వంగిన శిశువును చూడలేదు. ఆమె కంటికి కనిపించేది సూది తరువాత వచ్చే జ్వరం ఒక్కటే. కనిపించే చిన్న కీడుకు, కనిపించని పెద్ద కీడుకు నడుమ ఆమె మనసు ఊగిసలాడుతుంది. పైగా బిడ్డకు దానంతట జబ్బు వస్తే అది తలరాత. తాను స్వయంగా తీసుకొని వెళ్లి వేయించిన సూది వలన జ్వరం వస్తే అది తన తప్పు. ఈ భావన తల్లి హృదయంలో సహజంగా ఉంటుంది. దీనిని మూఢత్వమనుట న్యాయం కాదు. ఇది ప్రేమకు గల మరొక ముఖం.

శరీరం చేసే సాధన

టీకా ఎట్లా పనిచేస్తుందో మన ప్రాంతపు ఉదాహరణతోనే గ్రహించవచ్చు. గనులలో ప్రమాదం జరిగితే లోపలికి దిగి కార్మికులను కాపాడే రెస్క్యూ బృందాలను మనం ఎరుగుదుము. వారు శ్వాసపరికరాలు ధరించి, పొగ నింపిన గదులలో ముందుగానే సాధన చేస్తారు. ఆ పొగ ప్రాణం తీయదు. కాని చెమటలు పట్టిస్తుంది. నిజంగా గనిలో నిప్పు పుట్టిననాడు వారు తడుముకోకుండా పనిచేయడానికి ఆ సాధనే కారణం. టీకాలో ఉండేది చంపిన సూక్ష్మజీవి, లేదా బలం తగ్గించినది, లేదా దానిలోని ఒక భాగం మాత్రమే. దానిని చూసి శరీరం సాధన చేస్తుంది, గుర్తుంచుకొంటుంది. జ్వరం ఆ సాధనలో పట్టే చెమట వంటిది. కొందరు పిల్లలకు జ్వరం రాదు. అంతమాత్రాన టీకా పనిచేయలేదని అనుకోరాదు. ఒక్కసారి సాధనతో బృందం ఆరితేరదు గనుక విడతలు అవసరమవుతవి.

పుట్టిన వెంటనే క్షయ నివారణకు బి.సి.జి., పోలియో చుక్కలు, ఇరవై నాలుగు గంటలలోపు హెపటైటిస్-బి టీకా వేస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావలెంట్ టీకా వేస్తారు. ఇది కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే ఐదింటికి ఒకే సూది. దానితోపాటు పోలియో, రోటా చుక్కలు, పోలియో సూది, న్యుమోనియా నిరోధక టీకా ఆయా విడతలలో ఉంటవి. తొమ్మిది నెలలు నిండిన తరువాత తట్టు-రుబెల్లా టీకా మొదటి మోతాదు, పదహారు నుండి ఇరవై నాలుగు నెలల మధ్య రెండవ మోతాదు. డి.పి.టి. బూస్టర్లు అప్పుడొకటి, ఐదారేండ్లకు మరొకటి. పదవ, పదహారవ ఏట టి.డి. టీకా. ఇవన్నీ ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం.

బూస్టర్లను తేలికగా తీసుకొనేవారు హైదరాబాద్ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. 2003 నుండి 2006 వరకు ఆ నగరంలో కంఠసర్పి తొలగకుండా కొనసాగడానికి బూస్టర్ మోతాదులు తక్కువ మందికి అందడమే ముఖ్య కారణమని పరిశోధకులు తేల్చారు. 2022లో ముంబయిలోని గోవండి ప్రాంతంలో తట్టు చెలరేగి పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. జబ్బుపడినవారిలో టీకా వేయించుకోనివారే అధికులు. తట్టు గాలి ద్వారా అతివేగంగా వ్యాపించేది కావున నూటికి తొంభై ఐదుగురు పిల్లలకు రెండు మోతాదులూ అందితేగాని అది ఆగదు. ఒక తల్లి నిర్ణయం పక్కింటి ఆరు నెలల పాపకు కూడా కవచమవుతుందన్నమాట.

సందేహాలు, వదంతులు

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏడాది నుండి రెండేండ్ల లోపు పిల్లలలో అన్ని ప్రాథమిక టీకాలు పొందినవారు దేశంలో సుమారు 76 శాతం, తెలంగాణలో సుమారు 79 శాతం. అంటే మన రాష్ట్రంలో ఐదుగురిలో ఒక బిడ్డకు ఏదో ఒక టీకా తప్పిపోయినది. ఇదే రాష్ట్ర రాజధానిలో 1953 నుండి టీకాల సంస్థ నడుస్తున్నది. దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా 1997లో ఇక్కడి నుండే వెలువడింది. ఇక్కడి టీకాలు పెక్కు దేశాలకు ఎగుమతి అవుతున్నవి. సముద్రాలు దాటే టీకా మన వీధి మలుపు దాటలేకపోవడానికి కారణాలేమిటి?

కూలికి వెళ్లే తల్లికి బుధవారం అంటే ఒకరోజు కూలి. ఇటుక బట్టీలలో పనికి వచ్చి, పని ముగియగానే వెళ్లిపోయే కుటుంబాల బిడ్డ మొదటి విడత ఒక ఊరిలో వేయించుకొని రెండవ విడత నాటికి మరొక ఊరిలో ఉంటాడు. జలుబు, కొద్దిపాటి విరేచనాలు ఉంటే టీకా వేయించకూడదనే భ్రమ ఒకటి. తేలికపాటి జబ్బు టీకాకు అడ్డు కాదు. ఒక విడత తప్పితే మళ్లీ మొదటి నుండి వేయించాలనే భ్రమ మరొకటి. ఆగిన చోటి నుండి కొనసాగిస్తే చాలు. మా అమ్మాయికి జరిగినది అదే.

ఇక వదంతుల సంగతి. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు పేదల మనసులలో భయాన్ని మిగిల్చినవి. ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలు సంతానం లేకుండా చేస్తాయనే పుకారు పుట్టి, పెక్కు ముస్లిం కుటుంబాలు తలుపులు మూసుకొన్నవి. 2002లో దేశంలోని పోలియో కేసులు పదహారు వందలు కాగా, అత్యధికం ఆ రాష్ట్రంలోనివే. ఆ తలుపులను తెరిపించినది బెదిరింపు కాదు. ఆ వాడలలోని స్త్రీలే ఇల్లిల్లూ తిరిగి మాట్లాడారు. మసీదుల నుండి ఇమాములు చెప్పారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ వంటి విద్యాసంస్థలు ముందుకు వచ్చినవి. తొమ్మిదేండ్లలో పోలియో దేశాన్ని విడిచిపోయింది. భాష తెలిసినవారు, గౌరవంతో, ఇంటి గడప దగ్గర చెప్పిన మాటకు గల శక్తి అటువంటిది.

2017 ఆగస్టులో తెలంగాణలో తట్టు-రుబెల్లా ప్రత్యేక కార్యక్రమం జరిగినప్పుడు మన చేతులలోని ఫోన్లకు కూడా భయపెట్టే సందేశాలు వచ్చినవి. తట్టు టీకా ఉన్న సూదికి, ఆటిజానికి సంబంధం అంటగట్టిన 1998 నాటి వ్యాసం కేవలం పన్నెండుగురు పిల్లల ఆధారంగా రాసినది. దానిని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకొన్నది. ఉపసంహరణ వార్తకు పుకారుకున్న కాళ్లు లేకపోవడమే విచారకరం.

తాత్పర్యం చెప్పవలసిన విధం

టీకా వేసేవారు తల్లికి నాలుగు మాటలు చెప్పాలని నియమం ఉన్నది. ఏ టీకా వేశాము, అది ఏ జబ్బును ఆపుతుంది; దాని వలన ఏ చిన్న ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏమి చేయాలి; మళ్లీ ఎప్పుడు రావాలి; కార్డును భద్రపరచి తప్పక తీసుకొని రావాలి. ఈ నాలుగే తాత్పర్యం. పెంటావలెంట్ తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం, సూది చోట వాపు రావచ్చు. చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇస్తూ పాలు పడుతుండాలి. బి.సి.జి. వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, పగిలి, మచ్చగా మానుతుంది. దానికి మందు పూయనక్కరలేదు. తీవ్రమైన అలర్జీ పది లక్షల మోతాదులలో ఒకటి రెండింటికి మాత్రమే వస్తుంది. అందుకొరకే టీకా తరువాత అరగంట అక్కడే కూర్చోమంటారు. మూర్ఛ వచ్చినా, మూడు గంటలకు పైగా ఏడుపు ఆగకున్నా, జ్వరం రెండు రోజులు దాటినా వెంటనే వైద్యునికి చూపించాలి. ఉన్న ప్రమాదాన్ని దాచకుండా చెప్పినప్పుడే తల్లి లేని ప్రమాదాన్ని నమ్మడం మానుతుంది.

టీకా సీసా మీద ఒక వృత్తం, దానిలో చిన్న చతురస్రం ఉంటవి. వేడి తగిలిన కొద్దీ ఆ చతురస్రం నల్లబడుతుంది. అది చుట్టూ ఉన్న వృత్తం కన్నా లేతగా ఉన్నంత వరకే ఆ టీకాను వాడాలి. అక్షరం రాని తల్లి కూడా దీనిని చూసి తెలుసుకోగలదు. ‘మందు చల్లగా ఉన్నదా?’ అని అడిగే హక్కు ఆమెకున్నదని చెప్పండి.

ప్రియ విద్యార్థినీ విద్యార్థులారా! మీలో పెక్కుమంది తెలుగు, ఉర్దూ రెండూ ఎరిగినవారు. మీ వాడలో ఇంగ్లీషులోని టీకా కార్డును చదవలేక మడిచి పెట్టిన తల్లి ఒకరైనా ఉంటుంది. ఈ సెలవులలో ఆ ఇంటికి వెళ్లండి. కార్డు తెరిచి ఏ గడి ఖాళీగా ఉన్నదో చూడండి. ఉపన్యాసమివ్వకండి, మందలించకండి. ముందుగా ఆ ఇంటి నానమ్మను పలుకరించండి. ఆమె పోగొట్టుకొన్న బిడ్డ ఒకడు ఉండవచ్చు. ఆమె చెప్పేది వినండి. ఆ తరువాత ఆమె భాషలో, ఆమెకు తెలిసిన జబ్బు పేరుతో, ఆ ఖాళీ గడికి తాత్పర్యం చెప్పండి.

మా అమ్మాయికి తొమ్మిది నెలలు నిండిననాడు తట్టు టీకా వేయించి ఇంటికి వచ్చినాము. మా అత్తగారు కార్డు తెమ్మని అడిగి, ఆ గడి ఏదో చూపించమన్నారు. చూపించాను. ఆమెకు చదువు రాదు. ఆ తేదీ మీద వేలు పెట్టి కొంతసేపు అట్లే ఉండి, కార్డును మడిచి తన పెట్టెలో దాచుకొన్నారు. నేటికీ అది అక్కడే ఉన్నది.